ముందు సీటు నడుమ చోటు

ఎబినేజర్ తన కారుకు ఫ్లోర్ గేరు పెట్టించుకోవాలనుకోవడానికి అసలు కారణం దానమ్మ. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఉప్పల్ మెకానిక్ సత్యనారాయణమూర్తితో మాత్రం "స్టీరింగ్ గేరు లూజైంది సార్, మూడోదేస్తే ఒకటోది పడుతుంది" అన్నాడు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ గేరు అలా లూజై ఏళ్ళు గడిచాయి. ఇన్నాళ్ళూ దానితోనే ఈల వేసుకుంటూ తిరిగిన మనిషికి ఉన్నట్టుండి భద్రత మీద ప్రేమ పుట్టుకొచ్చిందంటే మూర్తిగారు నమ్మలేదు, మనమూ నమ్మనక్కర్లేదు.

కారు పాత ఫియట్. మేనమామ వాడి వాడి ఇతనికి వదిలేసింది. ఆ కాలపు కార్లలో గేరు కడ్డీ స్టీరింగ్‌కే ఉండేది. కింద ఏమీ అడ్డం ఉండదు కాబట్టి ముందు సీటు మంచంలా ఒకటే పొడుగు బల్ల, ముగ్గురు దర్జాగా కూర్చోవచ్చు. ప్రతి ఆదివారం అందులో ఎబినేజర్ స్టీరింగ్ ముందు కూర్చునేవాడు, గ్రేసీ కిటికీ పక్కన కూర్చునేది, ఇద్దరికీ నడుమ దానమ్మ కూర్చునేది. వచ్చిన చిక్కంతా ఆ నడుమ చోటుతోనే.

ఎబినేజర్ నాచారంలో ఒక ఇంజినీరింగ్ యూనిట్లో టర్నర్. లేతు మిషను ముందు నిలబడితే వెంట్రుకవాసి తేడా రానివ్వడని పేరు. అక్కడి చర్చిలోనే కొయిర్లో పాడతాడు. ఆరాధన అయిపోయాక అబ్బయ్య కుటుంబాన్ని మేడిపల్లిలో దింపి వస్తాడు. "దారిలనే గద" అంటాడు. ఉప్పల్లో ఉండేవాడికి మేడిపల్లి దారిలో ఎలా తగులుతుందో అడిగినవాళ్ళు లేరు.

అబ్బయ్య కూతురే గ్రేసీ. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. పొడగరి. పక్కన నిలబడితే ఎబినేజర్ ఆమె చెవి దాకా వస్తాడు, అదీ బూట్లు వేసుకుంటే. చర్చి అలవాటు కొద్దీ ఆమె అతన్ని "బ్రదర్" అని పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా అతనికి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయ్యేది. ఆ ముల్లు కోసమే మళ్ళీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవాడు కూడా.

ఇక దానమ్మ. గ్రేసీకి పెద్దమ్మ, అంటే తల్లి మరియాకు అక్క. భర్త పోయాక చెల్లెలింట్లోనే ఉంటోంది. ఆ చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళలో సగం ఆమె చేతి మీదుగా జరిగినవే. ఎవరికి ఎవరు నచ్చినా ముందు దానమ్మ చెవిలో వేయాలి. ఆమె వెళ్ళి ఆ ఇంట్లో కదుపుతుంది. పాస్టరు గారికి తెలిసేది ఆ తర్వాతే. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు గానీ దాన్ని తప్పినవాళ్ళూ లేరు.

ప్రతి ఆదివారం హబ్సిగూడ మలుపు తిరగగానే ఆమె ఒళ్ళో బ్యాగు సర్దుకుని అడిగేది.

"ఎబినేజర్, మరి నీ సంగతేంది?"

"బాగనే ఉన్నమ్మా. కార్బురేటరే జర సతాయిస్తుంది."

దానమ్మ నిట్టూర్చి రోడ్డు వైపు చూసేది. ఆమె తనను గేలి చేస్తోందని ఎబినేజర్ అనుమానం. ఎందుకంటే ఒకసారి కొయిర్ ప్రాక్టీసులో ఆమె "మా గ్రేసీకి సరిపోయే పొడుగు పిల్లగాడు దొరకాలంటే కష్టమే" అంటుంటే అతను విన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె అతని కళ్ళకు మనిషిలా కాదు, గోడలా కనిపించడం మొదలుపెట్టింది. బొద్దైన గోడ.

పోయిన ఆదివారం ఆ గోడ ఒక మాట చెప్పింది. జహీరాబాద్ నుంచి సంబంధం వచ్చిందట. అబ్బాయి బ్యాంకు ఆఫీసరు, ఆరడుగులు. ఫోటోలు చూసుకోవడం అయింది. వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్ళు ఇంటికొస్తారు, అబ్బయ్య మాట ఇచ్చేస్తాడు. ఇది విని ఎబినేజర్ మూడో గేరు వేయబోయి ఒకటో గేరు వేశాడు. కారు ఎగిరిపడింది. గేరు మీదకు నెట్టేశాడు గానీ తప్పు గేరుది కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అని మీరనవచ్చు. కొయిర్ గ్రూపులో గ్రేసీ నంబరుంది. ఆ నంబరుకు రాయాలని అతను ఎన్నిసార్లు మొదలుపెట్టి చెరిపేశాడో ఆ దేవుడికే తెలుసు. చివరికి పోయిన నెల ఒకసారి "వందనాలు సిస్టర్" అని పంపాడు. "వందనాలు బ్రదర్" అని జవాబొచ్చింది. దాంతో ఫోన్ మీద ఆశ పూర్తిగా చచ్చిపోయింది.

ఇక మిగిలింది ఆ ఒక్క ప్రయాణమే. చర్చి నుంచి మేడిపల్లి దాకా గ్రేసీ పక్కన కూర్చుంటే, ఆ చెవిలో ఒక్క మాట వేయగలిగితే చాలు. దానికి అడ్డం నడుమ చోటు. చోటే లేకుండా చేస్తే? స్టీరింగ్ మీది కడ్డీ పీకేసి ముందు సీటుకు నడుమ నేలలోంచి గేరు లేపితే అక్కడ పిల్లి కూడా కూర్చోలేదు. దానమ్మ వెనక చెల్లెలి పక్కకు పోతుంది, ముందు గ్రేసీ ఒక్కతే మిగులుతుంది. ఈ ఆలోచన లేతు ముందు నిలబడి ఉండగా వచ్చింది. వచ్చిన సంతోషానికి గట్టిగా నవ్వాడు. పక్క మిషను వాడు ఇటు తిరిగి చూశాడు.

మూర్తిగారిది అమలాపురం వైపు. మాటలో మర్యాద, చేతిలో స్పానరు ఎప్పుడూ వదలరు. ఆయన షెడ్డులో ఇలాంటి పాత కార్ల కోసం బయటివాళ్ళు చేసే ఫ్లోర్ గేరు కిట్టు ఒకటి పడి ఉంది: గేరుబాక్సు మీద బిగించే బ్రాకెట్టు, రెండు పొట్టి రాడ్లు, ఒక లివరు.

"కంపెనీ వాళ్ళు ఇచ్చింది కాదండీ, బయటి కిట్టు. అయినా బాగానే పడుతుంది. లివరే కాస్త వంకర పోయింది" అన్నారాయన.

"లివరు నేను తెస్త సార్" అన్నాడు ఎబినేజర్.

తెచ్చాడు. డ్యూటీ అయ్యాక తన లేతు మీద తనే తిప్పిన స్టీలు కడ్డీ. అద్దంలా మెరుస్తోంది, పైన ఇత్తడి గుండు. మూర్తిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అద్భుతంగా ఉందండీ. కాకపోతే కొంచెం పొడుగైందేమో."

"పొడుగుంటే తప్పేంది సార్" అన్నాడు ఎబినేజర్. అనవసరమైనంత గట్టిగా అన్నాడు. పొడుగు అనే మాట ఆ వారం అతనికి పడటం లేదు.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టారు. ముందు సీటు మొత్తం విప్పి గోడకు ఆనించారు. స్టీరింగ్ నుంచి గేరుబాక్సు దాకా పాకే పొడుగు రాడ్లు ఊడదీశారు. నేలరేకుకు నడుమ రంధ్రం కోసి బ్రాకెట్టు బిగించి, పొట్టి రాడ్లు తగిలించి, వాటి పైన ఎబినేజర్ కడ్డీని నిలబెట్టారు. రంధ్రం చుట్టూ రబ్బరు తొడుగు రావాలి, అది దొరకలేదు. సోమవారం చూద్దామన్నారు మూర్తిగారు.

ఆయనకొక అలవాటుంది. సీటు బిగించకముందే బండిని ఒక చుట్టు తిప్పాలంటారు. రాడ్లు ఎక్కడైనా తగులుతుంటే పైనుంచి కళ్ళారా కనిపిస్తాయి కదా. కాబట్టి ఎబినేజర్ ఒక కొబ్బరిబోండాల డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని కారు తీశాడు. ఒకటి ముందుకు, రెండు వెనక్కు, మూడు ముందుకు, నాలుగు వెనక్కు. వెన్నలో వేలు దించినట్టు దిగుతున్నాయి గేర్లు. ఏళ్ళ తరబడి ఆ స్టీరింగ్ కడ్డీతో కుస్తీ పట్టినవాడికి ఇది కలలా ఉంది. సందు చివర డబ్బా జారి పక్కకు ఒరిగాడు, అయినా నవ్వు ఆగలేదు. కిటికీ పక్కన పరిగెత్తుతూ రాడ్లు చూస్తున్న మూర్తిగారికీ నవ్వొచ్చింది, ఎందుకో ఆయనకే తెలియదు.

ఆదివారం పొద్దున సీటు బిగించి, తెల్ల చొక్కా వేసుకుని, కారు తీసి ఒకటో గేరులో రోడ్డెక్కాడు. రెండో గేరుకు లివరు వెనక్కి లాగాడు. టక్కుమంది. ఇత్తడి గుండు సీటు అంచుకు కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ లాగితే మళ్ళీ అదే టక్కు.

అప్పుడు అర్థమైంది, నిన్న తిప్పి చూసినప్పుడు సీటు లేదని. రెండూ నాలుగూ వెనక్కి పడే గేర్లు. ఆ అందాల కడ్డీ వెనక్కి పోవాల్సిన చోట ఇప్పుడు సీటుంది. కారు పక్కకు ఆపి సీటు వెనక్కి జరిపాడు. రెండో గేరు బ్రహ్మాండంగా పడింది. కానీ పొడుగు బల్ల సీటు కదా, జరిగితే మొత్తం ఒక్కటే జరుగుతుంది. అతని కాలు క్లచ్ పెడల్‌కు జానెడు దూరంలో గాల్లో వేలాడింది. ముందుకు జరిపితే కాలు అందుతుంది, గేరు పడదు. వెనక్కి జరిపితే గేరు పడుతుంది, కాలు అందదు. వెంట్రుకవాసి తేడా రానివ్వని టర్నర్ తన పొడుగే కొలుచుకోవడం మరిచిపోయాడు.

కోయడానికి టైము లేదు. చర్చి గంట కొట్టే వేళయింది. ఒకటీ మూడుతోనే నాచారం చేరాడు. ఆ రోజు ప్రసంగం దేని గురించో అడిగితే చెప్పలేడు. పాటలో ఒక చోట అందరూ ఆగాక కూడా ఇతని గొంతు ఒక్కటే వినిపించింది.

ఆరాధన అయ్యాక అందరూ కారు దగ్గరికి వచ్చారు. దానమ్మ తలుపు తీసి, నడుమ నిలబడ్డ స్టీలు కడ్డీని చాలాసేపు చూసింది.

"నడుమ చోటేది?"

"పోయిందమ్మా. కొత్త గేరు. ఇప్పుడు ముందు ఇద్దరే."

దానమ్మ కడ్డీని చూసింది, అతన్ని చూసింది. ఆ చూపులో కోపం కన్నా బాధ ఎక్కువుందని అతనికి తర్వాత గుర్తొచ్చింది గానీ అప్పుడు తోచలేదు. ఆమె ముందు సీట్లో, కిటికీ పక్కన, గ్రేసీ కూర్చునే చోట కూర్చుని తలుపేసుకుంది. గ్రేసీ వెళ్ళి వెనక అమ్మా నాన్నల మధ్య ఇరుక్కుంది. అబ్బయ్య ఎప్పటిలాగే హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

వారమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు చూడండి. చోటు తగ్గితే వెనక్కి పోయేది చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు కాదు. ఎబినేజర్‌కు ఏడుపొచ్చింది. ఒకటో గేరు వేశాడు.

నాచారం రోడ్డంతా ఆ కారు ఒకటో గేరులో గోలపెట్టింది. మూడో గేరు వేస్తే జ్వరం వచ్చినట్టు వణికింది. దానమ్మ హ్యాండిల్ పట్టుకుంది.

"ఏందిది, గిట్లెందుకు మొత్తుకుంటుంది?"

"కొత్త గేరు గదమ్మా."

హబ్సిగూడ మలుపు తిరగగానే ఆమె అలవాటు ప్రకారం బ్యాగు సర్దుకుంది. "మరి నీ సంగతేంది, ఎబినేజర్?" ఈసారి గొంతు కొంచెం వేరుగా ఉంది.

"గేరు సంగతి సూస్తున్నమ్మా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఉప్పల్లో మెట్రో కింద కారు ఆగిపోయింది. స్టార్టు చేస్తే నాలుగడుగులేసి మళ్ళీ ఆగింది. వెనక బస్సు హారన్లు. అప్పుడు గ్రేసీ ముందుకు వంగింది.

"బ్రదర్, రెండోది ఎందుకేస్తలేరు?"

ఇక దాచి లాభం లేదు. "రెండోది పడదు. లివరు సీటుకు తగుల్తుంది."

"సీటు ఎన్కకు జరుపు మరి" అన్నాడు అబ్బయ్య.

"జరిపితే నా కాలు క్లచ్‌కు అందదు అంకుల్."

మొదట మరియా ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. తర్వాత అబ్బయ్య హార్మోనియం మీద తల పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దానమ్మ నవ్వితే సీటు మొత్తం ఊగింది. ఎబినేజర్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి, కానీ ఆ ఊగే సీటు మీదే అతనూ ఉన్నాడు కదా, చివరికి తనూ నవ్వేశాడు. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. బస్సు వాడు హారన్ కొట్టీ కొట్టీ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"దిగండి" అంది గ్రేసీ. "నా కాళ్ళు అందుతయి."

హబ్సిగూడలో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్న పిల్ల. వచ్చి కూర్చుని సీటును చివరిదాకా వెనక్కి తోసింది, అబ్బయ్య మోకాళ్ళు హార్మోనియానికి అతుక్కుపోయాయి. "గేర్లు చెప్పెటోళ్ళు పక్కన ఉండాలె పెద్దమ్మ" అంది. దానమ్మ గొణుక్కుంటూ దిగి వెనక్కి పోయింది. ఎబినేజర్ వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. అతను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది, తను స్టీరింగ్ ముందు లేడు, అంతే తేడా.

గ్రేసీ లివరు వెనక్కి లాగింది. రెండో గేరు హాయిగా పడింది. ఆమె కనుబొమలెత్తి "మస్తున్నది" అంది. ఆ మాటతో ఎబినేజర్ కారులోంచి రెండడుగులు పైకి లేచాడు. కనీసం అతనికి అలా అనిపించింది.

వరంగల్ హైవే ఎక్కాక ఇంకో సంగతి బయటపడింది. రబ్బరు తొడుగు లేని రంధ్రంలోంచి రోడ్డు మీది రొదంతా, దుమ్ముతో సహా, లోపలికి వస్తోంది. మరియా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఎబినేజర్ తెల్ల చొక్కా రంగు మారుతోంది.

"గ్రేసీ" అన్నాడు మెల్లగా. 'సిస్టర్' అనకపోవడం అదే మొదలు.

"ఆ?"

"ఒక మాట..."

"ఏం వినొస్తలేదు. గట్టిగ చెప్పండి."

బోడుప్పల్ దాటుతోంది. ఇంకెంతో దూరం లేదు. వెనక ముగ్గురున్నారు, ఆ ముగ్గురికీ వినపడకూడదనే కదా నేలకు రంధ్రం కోసింది. ఇప్పుడు ఆ రంధ్రమే అరవమంటోంది. ఎబినేజర్ కళ్ళు మూసుకుని అరిచాడు.

"జహీరాబాద్ సంబంధం ఒప్పుకోకు. నన్ను చేసుకుంటవా?"

పక్కన పోతున్న ఆటోవాడు తల తిప్పి చూశాడు. గ్రేసీ జాగ్రత్తగా గేర్లు తగ్గించుకుంటూ వచ్చి, కారు పక్కకు తీసి ఆపి, ఇంజిన్ బందు చేసింది. ఇప్పుడు కారులో దుమ్ము దిగుతున్న చప్పుడు కూడా వినిపించేలా ఉంది. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకే చూస్తోంది.

"ఎబినేజర్" అంది వెనక నుంచి దానమ్మ. "నేను ఇన్ని ఆదివారాలు నడుమ ఎందుకు కూసున్ననుకున్నవ్?"

అతను తల తిప్పలేదు.

"ఆ సీట్ల కూసుంటే నాకు నడుం పడిపోతది. నీ మోచెయ్యి నా పక్కలల్ల పొడుస్తది. ఐనా కూసున్న. ఎందుకు? పిల్లగాడు నోరు తెరుస్తలేడు, చెవి దగ్గర పెట్టన్నా కూసుందాం, ఏనాడన్నా మాట ఏస్తడేమోనని. వారం వారం నీ సంగతేంది, నీ సంగతేందని అడిగితి. నువ్వు కార్బురేటర్ సంగతి చెప్తివి. ఆఖరికి నా చోటే కోసి పారేస్తివి."

"పొడుగు పిల్లగాడు కావాలంటిరి గదమ్మా" అన్నాడు ఎబినేజర్.

"దొరకడు అన్న. కావాలన్ననా?"

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇంత తెలివితక్కువవాడు ఈ భూమ్మీద ఉండడని అతనికి ఆ క్షణంలో గట్టిగా అనిపించింది, అయినా లోపల ఎక్కడో ఏదో గంతులేస్తోంది.

"అడిగింది తప్పు పద్ధతిల అడిగినవ్" అంది దానమ్మ. "ఎన్కకు రా. సక్కగ అడుగు."

అబ్బయ్య హార్మోనియంతో సహా దిగి ముందుకెళ్ళాడు. పోతూ పోతూ ఎబినేజర్ భుజం తట్టాడో, దుమ్ము దులిపాడో తెలియలేదు. ఎబినేజర్ వెనక్కి వచ్చి మరియాకూ దానమ్మకూ నడుమ ఇరుక్కున్నాడు. ఊపిరాడటం లేదు. దానమ్మ కొంగు సవరించుకుని చెవి ఇటు వంచింది. అతను ఆ చెవిలో చెప్పాడు. ఇందాక అరిచింది రెండు ముక్కలే. ఇప్పుడు గుసగుసగా మాత్రం చాలాసేపు చెప్పాడు, ఏం చెప్పాడో మరియాకు కూడా వినపడలేదు. వింటూ వింటూ దానమ్మ ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆమె నిటారుగా కూర్చుని, రెండడుగుల దూరంలో ఉన్న గ్రేసీని ఊరవతల మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"బిడ్డా, నాచారంల టర్నర్ పనిజేసే పిల్లగాడు నిన్ను అడుగుతుండు. ఏమనమంటవ్?"

గ్రేసీ వెనక్కి తిరగలేదు. అద్దంలో ఆమె కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, మొహమంతా దుమ్ము.

"ఆలోచించి చెప్త అను పెద్దమ్మ."

దానమ్మ ఇటు తిరిగింది. "ఆలోచించి చెప్తదంట."

"సరేనమ్మా" అన్నాడు ఎబినేజర్, ప్రాణం పోతున్నవాడిలా.

గ్రేసీ తాళం తిప్పింది. ఇంజిన్ మొదలైంది. ఒకటో గేరు వేసింది, రెండో గేరు వేసింది. మూడో గేరు వేసేముందు కాస్త ఆగింది.

"ఆలోచించిన" అంది, రొదకు పైన అందరికీ వినపడేలా. "సరే అను. జహీరాబాద్ వాళ్ళను రావద్దని నాన్న ఫోన్ జేస్తడని గూడ చెప్పు."

అబ్బయ్య అప్పటికే జేబులో ఫోన్ వెతుక్కుంటున్నాడు. మరియా నవ్వుతోందో ఏడుస్తోందో కొంగు చాటున తెలియడం లేదు. దానమ్మ ఎబినేజర్ వైపు తిరిగి, పెళ్ళిళ్ళు కుదిర్చేటప్పుడు పెట్టుకునే పెద్దరికమంతా మొహం మీదకు తెచ్చుకుంది.

"సరే అంటుంది" అంది.

ఆ మాట అతను తన చెవులతోనే విన్నాడు. అయినా దానమ్మ నోట మళ్ళీ వినేదాకా నమ్మకం కుదరలేదు. విన్నాక కూడా సగమే కుదిరింది.

"ఇంకొక్కసారి చెప్పమ్మా" అన్నాడు.

దానమ్మ ఇంకొకసారి చెప్పింది.